బైకు ముందు నుంచి వచ్చే శబ్దం: ఎప్పుడు వస్తోంది, దేనితో పాటు వస్తోంది?

వానలు వెనకబట్టే రోజుల్లో దక్షిణ ఒడిశాలోని రాయగడ, గునుపూర్, పర్లాకిమిడి, జయపురం షెడ్లలో మెకానిక్కుల చెవిన తరచుగా పడే ఫిర్యాదు ఇది: "ముందు వైపు ఏదో శబ్దం వస్తోంది, కాస్త చూడండి." ఫిర్యాదు ఒకటే, తీర్పులు మాత్రం షెడ్డుకొకటి. ఒకరు కోన్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగు) పోయిందంటారు. ఇంకొకరు ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్లలో) ఆయిల్ లేదంటారు. మరొకరు ఏకంగా చక్రం బేరింగులు మార్చేస్తారు. ఇంతా ఖర్చయ్యాక, హెడ్‌లైటు పైనున్న డూముకు ఒక స్క్రూ వదులైందని తేలడమూ కద్దు.

ప్రతిసారీ ఇందులో మోసం వెతకనక్కర్లేదు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి కావచ్చు, పార్వతీపురం నుంచి కొమరాడ, కూనేరు మీదుగా రాయగడ చేరే దారి కావచ్చు, బరువు లారీలు తవ్విన గుంతలు, ఘాట్ మలుపులు, ఎర్రమట్టి, వాన నీరు అన్నిటి దెబ్బా మొదట తగిలేది బండి ముందు భాగానికే. అక్కడే హ్యాండిల్, ఫోర్కు, చక్రం, బ్రేకు, మీటరు కేబుల్ జానెడు జానెడు దూరంలో ఇరుక్కుని ఉంటాయి. ఒకదాని శబ్దం ఇంకొకదాని గొంతుతో వినిపిస్తుంది.

చెవి ఎందుకు పొరబడుతుంది

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. ఉక్కులో అయితే 5000 మీటర్లకు పైగా. చక్రం ఇరుసు దగ్గర పుట్టిన చప్పుడు ఫోర్కు గొట్టాల్లోంచి, హ్యాండిల్ రాడ్డులోంచి అరచేతుల దాకా వచ్చేస్తుంది. దారిలో ఏ రేకు పలచగా ఉంటే ఆ రేకును మోగిస్తుంది. అందుకే చక్రంలో పుట్టిన అదురు మడ్‌గార్డులో గరగరగా, మీటరు డబ్బాలో సన్నటి బుర్రుమనే మోతగా వినిపించవచ్చు. శబ్దం ఎటు నుంచి వస్తోందో మనం పట్టేది రెండు చెవులకూ అది చేరే సమయంలోని అతి స్వల్ప తేడాను బట్టి. హెల్మెట్ లోపల, గాలి హోరులో ఆ తేడా దాదాపు పనికిరాకుండా పోతుంది.

కాబట్టి బండి మీద కూర్చుని "ఎక్కడ" అన్న ప్రశ్నకు జవాబు వెతకడం చీకట్లో బాణం వేయడమే. "ఎప్పుడు" అన్న ప్రశ్నకు మాత్రం చెవి నమ్మకంగా జవాబు చెప్పగలదు. అనుభవమున్న మెకానిక్కు పానా పట్టే ముందు అడిగేవన్నీ ఈ రకం ప్రశ్నలే: వేగం పెరిగితే పెరుగుతోందా? యాక్సిలరేటర్ తిప్పితే పెరుగుతోందా? గుంతలో పడ్డప్పుడే వస్తోందా? బ్రేకు పట్టినప్పుడా, వదిలినప్పుడా? హ్యాండిల్ తిప్పినప్పుడా? ముందు భాగంలో వచ్చే శబ్దాల్లో చాలావరకు ఈ ఐదింటిలో ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. చక్రంతో పాటు తిరిగేవి వేగాన్ని, ఇంజిన్‌కు సంబంధించినవి యాక్సిలరేటర్‌ను, ఫోర్కు, కోన్‌సెట్ గుంతల్ని అనుసరిస్తాయి. రెండింటిని అనుసరించేవీ ఉన్నాయి, వాటి సంగతి దిగువన.

వేగమా, ఇంజినా అన్నది తేల్చే పద్ధతి పాతదే. ఎవరూ లేని చదును రోడ్డు మీద క్లచ్ పట్టి బండిని కాసేపు దానంతట అది పోనిస్తే, ఇంజిన్ మోత తగ్గిపోతుంది, చక్రం మాత్రం అదే వేగంతో తిరుగుతుంది. శబ్దం తగ్గకపోతే అది చక్రం వైపుది. ఈ పరీక్షకు ఘాట్ దిగుడు తగదు. అక్కడ క్లచ్ పడితే ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

లెక్క వేసి చూస్తే: టక్కు టక్కు ఎవరిది?

ఒక ఉదాహరణ. గునుపూర్‌లో ఒకరి 100 సీసీ బండికి ముందు నుంచి టక్, టక్, టక్ అని ఆగకుండా వస్తోంది అనుకుందాం. 18 అంగుళాల చక్రమున్న ఇలాంటి బండికి టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 5.6 మీటర్లు. 5.6ని 1.9తో భాగిస్తే సుమారు 3. అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు మూడు చుట్లు తిరుగుతుంది. 40 వేగంలో ఆరు.

ఇప్పుడు ఇంజిన్ వైపు చూద్దాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో వాల్వు రెండు చుట్లకొకసారి తెరుచుకుంటుంది. నిలకడగా, నిమిషానికి 1400 చుట్లు తిరుగుతున్నప్పుడే ట్యాపెట్ (వాల్వును నొక్కే భాగం) చప్పుడు సెకనుకు దాదాపు 12 సార్లు వస్తుంది. 4000 చుట్ల దగ్గర 33 సార్లు. అంత వేగంగా వచ్చేవాటిని ఎవరూ లెక్కపెట్టలేరు, చెవికి అవి ఒకటే చిటపటగా వినిపిస్తాయి. కాబట్టి 20 వేగంలో నోటితో "ఒకటి, రెండు, మూడు" అంటూ దాదాపు లెక్కపెట్టగలిగిన టక్కులు ఇంజిన్‌వి అయ్యే అవకాశం లేదు. అది చక్రంతో పాటు చుట్టు తిరుగుతున్నదేదో.

చుట్టుకొక టక్కు అంటే అనుమానించవలసినవి కొన్నే: టైరు గాళ్లలో ఇరుక్కున్న కంకర రాయి, వదులైన పుల్ల, అంటే స్పోకు, వంగిన డిస్కు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్లలో సెన్సరుకు తగులుతున్న పళ్ల చక్రం. రాయి అయితే తారు మీదా సిమెంటు మీదా మోగుతుంది, మట్టి దారి ఎక్కగానే మాయమవుతుంది, చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పితే అసలు రాదు. పుల్ల వదులైతే బరువు పడినప్పుడే పలుకుతుంది కాబట్టి అదీ గాల్లో మౌనంగా ఉండవచ్చు. కానీ పుల్లల్ని ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవర్‌తో తట్టుకుంటూ వెళ్తే బిగుతైనవి ఖంగుమంటాయి, వదులైనది బొద్దుగా పలుకుతుంది. డిస్కు, సెన్సరు తగాదా అయితే గాల్లో తిప్పినా వినిపిస్తుంది.

టక్కులు చక్రం చుట్ల కంటే వేగంగా వస్తూ, మీటరు ముల్లు కూడా ఊగుతుంటే అనుమానం కేబుల్ మీదికి పోతుంది. హబ్బులోని చిన్న గేరు వల్ల, చక్రం ఒక్కసారి తిరిగేలోగా కేబుల్ ఒకటి కంటే ఎక్కువ సార్లు తిరుగుతుంది. చక్రం దగ్గర కేబుల్ ఊడదీస్తే శబ్దం పోయిందా, నేరం తేలినట్టే. డిజిటల్ మీటరు ఉన్న చాలా కొత్త బళ్లలో ఈ కేబులే ఉండదు.

కోన్‌సెట్: గుంత చేసే పనా, గ్రీజు చేసే పనా?

హ్యాండిల్‌ను, ఫోర్కును కలిపే కాండం ఛాసిస్ మెడ గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టానికి పైనా కిందా ఒక గిన్నె, ఒక కోను, వాటి మధ్య ఉక్కు గుండ్లు. ఈ సరంజామానే కోన్‌సెట్ అంటారు. బండి ముందు భాగపు బరువూ, గుంతలో పడ్డప్పటి దెబ్బా, బ్రేకు పట్టినప్పటి లాగుడూ అన్నీ ఈ చిన్న గుండ్ల మీదుగానే ఛాసిస్‌కు చేరాలి.

ఇది వదులైతే గుంతలో పడ్డప్పుడు, ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు చేతికి తెలిసేలా ఠక్కుమని ఒక కుదుపు వస్తుంది. పరీక్ష అందరికీ తెలిసిందే: ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపడం. అయితే ఈ పరీక్షలో ఒక తిరకాసు ఉంది. డిస్కు బ్రేకులో ప్యాడ్లు వాటిని పట్టి ఉంచే క్యాలిపర్ లోపల వెంట్రుకవాసి కదలడం మామూలే. ఊపినప్పుడు అవి కూడా టిక్కుమంటాయి. ఆ టిక్కును కోన్‌సెట్ ఖాతాలో వేసి విప్పేసిన బళ్లు చాలానే ఉంటాయి. తేడా చెప్పేది చెవి కాదు, వేలు. ఇంకొకరు ఊపుతుండగా మెడ గొట్టం కింది అంచు, ఫోర్కు టీ (రెండు కాళ్లనూ కలిపే పట్టీ) కలిసే సందు మీద వేలి కొస ఆనించి ఉంచితే, కోన్‌సెట్ వదులైనప్పుడు ఆ సందు సన్నగా తెరుచుకుని మూసుకోవడం చర్మానికి తెలుస్తుంది. అక్కడ ఏమీ తెలియకుండా టిక్కు మాత్రం వినిపిస్తుంటే, తప్పు కిందనెక్కడో ఉంది. బ్రేకు పట్టకుండా, చక్రాన్ని గోడకు ఆనించి ఊపినా ప్యాడ్ల టిక్కు విడిపోతుంది.

రెండో లక్షణం శబ్దం కాదు, స్పర్శ. ముందు చక్రాన్ని గాల్లోకి లేపి హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు నెమ్మదిగా తిప్పితే, సరిగ్గా నడిమధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగుతుంది. బండి ఎక్కువసేపు నిటారుగానే పోతుంది కాబట్టి గుండ్లు ఎప్పుడూ అవే చోట్ల కూర్చుంటాయి. గాళ్లు పడేది అక్కడే. విప్పి చూస్తే గిన్నె అంచున గుండుకొక చుక్క చొప్పున వరసగా గుంటలు కనిపిస్తాయి.

ఆ గుంటలు ఎలా పడతాయన్న దాని మీద రెండు వాదాలున్నాయి. షెడ్లలో అందరూ చెప్పేది, గుంతల దెబ్బలకు గుండ్లు సుత్తిలా కొట్టి లోహాన్ని నొక్కేస్తాయని. వదులైన కోన్‌సెట్ విషయంలో ఇది నమ్మదగిందే, ఖాళీ ఉన్నచోట దెబ్బ పడుతుంది. ఇంకో వాదం ఇంజినీర్లది: సరిగ్గా బిగించిన కోన్‌సెట్‌లో గుండ్లు నిజానికి ఎగిరి కొట్టే చోటు లేదు. హ్యాండిల్ కదలకుండా ఉండగా వచ్చే సన్నటి అదురుకు గుండు కింది గ్రీజు పక్కకు తప్పుకుని, లోహం లోహాన్ని రాచుకుని అరుగుతుంది. గుంటల్లో మెరుపు లేకుండా తుప్పురంగు పొడి కనిపించడం ఈ రెండో వాదానికి బలం. మన దారుల్లో రెండూ కలిసే పని చేస్తాయని నా అంచనా: వాన నీరు గ్రీజును కడిగేస్తే అరుగుదల ఖాళీ సృష్టిస్తుంది, ఆ ఖాళీలో గుంత తన పని తాను చేస్తుంది. ఈ తగువు ఉత్త మాటలది కాదు. మొదటి వాదమే పూర్తిగా నిజమైతే రోడ్డు బాగుపడే దాకా చేయగలిగింది లేదు. రెండోదానిలో నిజముంటే వానాకాలానికి ముందు గ్రీజు మార్చడం వల్ల కోన్‌సెట్ ఆయుష్షు పెరగాలి.

ఫోర్కు: ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?

ఫోర్కు కాళ్లలో ఒక స్ప్రింగు, కొంత ఆయిల్ ఉంటాయి. స్ప్రింగు దెబ్బను మింగుతుంది, ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి దూరుతూ ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టుకుంటుంది. ఆయిల్ కారిపోయినా, ఏళ్ల తరబడి మార్చక పలచబడినా పట్టు పోతుంది. అప్పుడు స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఫోర్కు పూర్తిగా కుంగి అడుగున కొడుతుంది, దిగినప్పుడు పూర్తిగా సాగి పైన కొడుతుంది. కోన్‌సెట్ ఠక్కుతో దీన్ని కలిపేసుకోవడం సులువు. ఫోర్కు చప్పుడు ప్రయాణం చివర్లో, అంటే పూర్తిగా కుంగాకో పూర్తిగా సాగాకో వస్తుంది. కోన్‌సెట్‌ది దెబ్బ తగిలిన క్షణంలోనే వస్తుంది.

ఆయిల్ సీలు పోవడానికి మన దగ్గర ప్రధాన కారణం ఎండిన బురద. ఫోర్కు రాడ్డుకు అంటుకున్న ఎర్రమట్టి గట్టిపడి, రాడ్డు కుంగినప్పుడల్లా సీలు పెదవిని గీరుతుంది. కొన్నాళ్లకు రాడ్డు మీద నూనె వలయం, దాని మీద మళ్లీ దుమ్ము. రాడ్డు మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త సీలు వేసినా ఎక్కువ కాలం నిలవదు.

నీళ్లు, బేరింగులు

గంటకు 30 దాటాక మొదలై, వేగంతో పాటు శ్రుతి పెంచుకుంటూ పోయే గుర్రు శబ్దం సాధారణంగా ముందు చక్రం బేరింగుది లేదా టైరుది. రెండింటినీ విడదీసేది రోడ్డే. గరుకు తారు నుంచి నున్నటి సిమెంటు మీదికి ఎక్కగానే మారేది టైరు మోత. రోడ్డు మారినా మారకుండా, మలుపులో బండి ఒరిగినప్పుడు పెరిగేదో తగ్గేదో అయితే బేరింగు వైపు చూడాలి, ఒరిగినప్పుడు బరువు అటూ ఇటూ మారుతుంది కనుక. చక్రం గాల్లో ఉండగా ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేయి ఫోర్కు కాలు మీద ఉంచితే పాడైన బేరింగు ఇసుక నమిలినట్టు తెలుస్తుంది.

బేరింగును చంపేది బరువు కంటే నీళ్లు. పొంగే కాలువలు దాటడం ఒక కారణమైతే, అంతకంటే ఎక్కువగా జనం పట్టించుకోనిది సర్వీసింగ్ కేంద్రాల్లో హబ్బు మీద నేరుగా కొట్టే ప్రెషర్ నీళ్ల ధార. బురద పోయినట్టే ఉంటుంది, గ్రీజు కూడా పోతుంది. బేరింగు మార్చినప్పుడు ఇంకో సమస్య పుట్టవచ్చు: హబ్బు లోపల రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది. అది పెట్టడం మరచినా, బేరింగు చివరి దాకా కూర్చోకపోయినా, ఇరుసు నట్టు బిగించగానే పక్క ఒత్తిడి పడి కొత్త బేరింగు కూడా త్వరగా పాడవుతుంది. "కొత్తది వేసి నెల కాలేదు, మళ్లీ గుర్రు" అన్న ఫిర్యాదుకు ప్రతిసారీ నకిలీ సామానే కారణం కాదు.

బ్రేకుల కీచు, ఘాట్ లెక్క

కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి సాలూరు దిగితే ఎత్తులో 700 మీటర్లకు పైగా తేడా. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుంటే, ఆ దిగుడులో వదిలించుకోవలసిన శక్తి 17 లక్షల జౌల్‌లకు (జౌల్ శక్తికి కొలమానం) పైమాట. అదే బండిని 60 వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆపడానికి సుమారు 35 వేల జౌల్‌లు చాలు. అంటే ఒక్క ఘాట్ దిగుడు దాదాపు 50 సార్లు గట్టిగా ఆపడంతో సమానం. ఇందులో కొంత గాలి, కొంత ఇంజిన్ మింగుతాయి. న్యూట్రల్‌లో దిగేవారికి ఇంజిన్ వాటా పూర్తిగా పోతుంది. ఆ వేడికి ప్యాడ్ల, బ్రేకు షూల ముఖం అద్దంలా గట్టిపడి కీచుమంటుంది. పట్టు కూడా తగ్గుతుంది.

కీచు అంటే ప్యాడు డిస్కును పట్టీ పట్టకుండా సెకనుకు వేల సార్లు అదరడం. వినడానికి చిరాకే తప్ప చాలాసార్లు ప్రమాదం కాదు. రాత్రంతా వానలో నిలిపిన బండి ఉదయం కొన్ని చుట్లు గరగరలాడి ఆగిపోవడం డిస్కు మీది పలచటి తుప్పు పని, దానికి ఏ మరమ్మతూ అక్కర్లేదు. ఇనుము ఇనుమును గీరే గరుకు శబ్దం మాత్రం వేరే కోవ: ప్యాడు మందు (రాపిడి పొర) అరిగి వెనక రేకు డిస్కును కోస్తోందని అర్థం. చాలా డిస్కుల మీద, ఎంత మందం కంటే అరగకూడదో మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. దాన్ని చూసేవారు తక్కువ.

ఇక్కడొక కొత్త గందరగోళం. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బళ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకు లోపువాటికి కనీసం సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్ ఉన్న బండిలో కాలి బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. "వెనక బ్రేకు నొక్కితే ముందు కీచుమంటోంది" అంటే పాత కాలపు మెకానిక్కు నవ్వవచ్చు, కానీ ఆ మాట అక్షరాలా నిజం కావచ్చు. ఏబీఎస్ ఉన్న బండి ఇసుక మీద గట్టిగా బ్రేకు పట్టినప్పుడు లివరు కింద కొట్టుకుంటూ గుర్రుమనడం దాని పని, జబ్బు కాదు.

ముందు నుంచే వచ్చినట్టుండే ఇంజిన్ శబ్దాలు

సిలిండర్ హెడ్డు, సైలెన్సర్ బెండు పైపు మొదలయ్యే చోటు ముందు చక్రానికి వెనకే ఉంటాయి. బెండు పైపు ప్యాకింగు లీకైతే టప్ టప్ అనే ఊపిరి చప్పుడు మడ్‌గార్డుకు తగిలి వెనక్కి వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా, వేడెక్కి లోహం వ్యాకోచించాక తక్కువగా వినిపించడం దీని గుర్తు. ట్యాపెట్, టైమింగ్ చైను శబ్దాలు బండి నిలబడి ఉన్నా వస్తాయి కాబట్టి వాటిని పట్టడం తేలిక. డూము, నంబరు ప్లేటు, హారన్ పట్టీ మాత్రం ఇంజిన్ ఒకానొక వేగంలో ఉన్నప్పుడే అదిరి, కాస్త అటూ ఇటూ కాగానే నోరు మూసుకుంటాయి. వాటిని చేత్తో నొక్కి పట్టుకుంటే శబ్దం ఆగుతుంది.

బిగించాలా, మార్చాలా: తేలని తగవులు

కోన్‌సెట్ వదులైతే నట్టు బిగించి పంపేవారున్నారు, మార్చనిదే బండి ఇవ్వనివారున్నారు. రెండు పక్షాలకూ ఆధారం ఉంది. గాళ్లు పడకుండా కేవలం వదులైనదైతే బిగించడం సరైన మరమ్మతే, కొత్తది వేసినా కొన్నాళ్లకు కుదురుకుని ఒకసారి బిగించవలసి వస్తుంది. నడిమధ్యలో గాడి పడ్డాక బిగిస్తే శబ్దం ఆగుతుంది కానీ హ్యాండిల్ ఆ గాడిలో ఇరుక్కుంటూ బండి పాములా అటూ ఇటూ పోతుంది. శబ్దం ఉన్నప్పటి కంటే ఇదే ప్రమాదం.

గుండ్ల బదులు టేపర్ రోలర్ బేరింగులు వేయించుకోవడం మీదా వాదన ఉంది. గుండు ఒక చుక్క మీద ఆనుతుంది, రోలరు ఒక గీత పొడవునా ఆనుతుంది, కనుక గుంటలు ఆలస్యంగా పడతాయి. కాదనేవారి మాట, తేలికపాటి బండికి అవి బిగుతులో కొంచెం తేడా వచ్చినా హ్యాండిల్‌ను మొరాయించేలా చేస్తాయని, సరిగ్గా అమర్చే చేయి ప్రతి ఊళ్లో దొరకదని. రోజూ బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కే బండికి మొదటి మాట, ఊళ్లో బడికీ బజారుకూ తిరిగే బండికి రెండో మాట ఎక్కువ వర్తిస్తుంది.

ఫోర్కు అడుగున కొడుతోందని కంపెనీ చెప్పినదాని కంటే చిక్కటి ఆయిల్ పోయించడం ఇంకో అలవాటు. మైదానంలో, బరువు మీద అది పనిచేసినట్టే ఉంటుంది. కానీ చిక్కటి ఆయిల్ స్ప్రింగును గట్టిపరచదు, కదలికను మందగింపజేస్తుందంతే. వరస గుంతల మీద ఫోర్కు ఒక దెబ్బ నుంచి తేరుకునేలోపే రెండోది తగులుతుంది. చలికాలం ఉదయాల్లో కోరాపుట్ పీఠభూమి మీద ఆయిల్ మరింత చిక్కబడి, ఎండ ఎక్కేదాకా చిన్న చిన్న గుంతల అదురంతా నేరుగా మణికట్టుకే వస్తుంది.